కుర్రాడి మీద మొదటిసారి కేసు పడింది, ప్రొబేషన్ ఎలా అడగాలి

"మా గుంటడికి ఇరవై ఏళ్లండి, ఇదే మొదటి కేసు. ప్రీట్రయల్ ప్రొబేషన్ అని ఒకటుందంట కదా, విచారణ లేకుండానే వదిలేస్తారంట, మన శ్రీకాకుళం కోర్టులో దానికి ఎక్కడ అప్లై చెయ్యాలి?"

టెక్కలి వాళ్లు అడిగారు, చీపురుపల్లి వాళ్లు అడిగారు, అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాసేస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పేరు సంగతి తేల్చేద్దాం. ప్రీట్రయల్ ప్రొబేషన్ అనేది అమెరికాది. అక్కడ మసాచుసెట్స్ రాష్ట్రంలో జనరల్ లాస్ 276వ చాప్టర్ 87వ సెక్షన్ కింద, ముద్దాయి సరే అంటే విచారణకి ముందే కొన్నాళ్లు ప్రొబేషన్లో పెడతారు, తప్పు ఒప్పుకోనక్కర్లేదు, షరతులు పాటిస్తే మామూలుగా కేసు కొట్టేస్తారు. మన చట్టంలో పద్దెనిమిది దాటినవాళ్లకి అలాంటిది లేదు. మన దగ్గర ప్రొబేషన్ అంటే 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్, అది పనికొచ్చేది జడ్జిగారు "నేరం రుజువైంది" అన్న తర్వాతే. జైలుకి పంపకుండా, ఇన్నాళ్లు బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపుతారు, అంతే.

అయితే ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. తీర్పు తర్వాత వచ్చేదే కదా అప్పుడు చూద్దాంలే అనుకుంటారు, తీర్పు రోజు చేతిలో ఒక్క కాగితం ఉండదు. అడిగేది చివర్లోనే గానీ, దానికి పని మాత్రం కేసు పడిన వారం నుంచే మొదలెట్టాలి. కింద రాసిందంతా ఆ పని గురించే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎఫ్ఐఆర్ కాపీ. ముద్దాయి అడిగినా ఇవ్వాలి. లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో నెట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, ఏపీ పోలీస్ సైట్‌లో వెతకండి.
- చార్జిషీట్ కాపీలు, గాయాల కేసైతే ఊండ్ సర్టిఫికెట్, అంటే గాయాల గురించి డాక్టర్ ఇచ్చే కాగితం కూడా.
- పదో తరగతి మార్కుల మెమో. పుట్టిన తేదీకి దీనికి మించింది లేదు, ఆధార్ ఒక్కటే పట్టుకెళ్తే వాదన పెరుగుద్ది.
- స్టడీ సర్టిఫికెట్, లేదా పని చేస్తున్న చోట నుంచి లెటర్.
- రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, మీ పేరునో ష్యూరిటీ (పూచీ ఉండే మనిషి) పేరునో పట్టాదారు పాస్‌బుక్.
- ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉంటే హాస్పిటల్ కాగితాలు, కుర్రాడి సంపాదన మీదే ఇల్లు గడుస్తుంటే దానికి రుజువు.
- లాయర్. డబ్బుల్లేవంటే జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటది, శ్రీకాకుళంలోనూ ఉంది విజయనగరంలోనూ ఉంది. ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో సంబంధం లేకుండా ఫ్రీ లాయర్‌ని అడగొచ్చు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ చెయ్యాలంటే 15100.

1. వయసు లెక్క సరిగ్గా వెయ్యండి

రెండు తేదీలు, రెండు వేరే లెక్కలు. వీటిని కలిపేస్తే మొత్తం తప్పిపోద్ది.

గొడవ జరిగిన రోజుకి 18 నిండలేదా, అయితే ఇదంతా మీకు అక్కర్లేదు. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్లాలి, లాకప్‌లో పెట్టకూడదు, తర్వాత ఉద్యోగాలకి అడ్డం రాకుండా 2015 నాటి చట్టంలో 24వ సెక్షన్ ఉంది. పెద్దవాళ్ల కోర్టులో పెట్టేశారంటే మార్కుల మెమో పట్టుకుని వెంటనే వయసు విషయం లేవనెత్తండి, ఆలస్యమైనా లేవనెత్తొచ్చు.

18 దాటిందీ, 21 నిండలేదూ అంటే ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ మీ కుర్రాడి కోసమే ఉంది. 21 లోపు వాడిని జైలుకి పంపాలంటే ఎందుకు పంపాల్సొస్తుందో జడ్జిగారు కారణాలు రాయాలి, అంతకుముందు ప్రొబేషన్ ఆఫీసర్ నుంచి రిపోర్టు తెప్పించుకోవాలి. జీవిత ఖైదు పడే నేరాలకి మాత్రం ఇది లేదు.

ఇక్కడ వయసు చూసేది గొడవ జరిగిన రోజు కాదు, ట్రయల్ కోర్టు తీర్పిచ్చే రోజు. సుప్రీంకోర్టు 1963లో రామ్‌జీ మిస్సర్ కేసులో చెప్పిన మాట ఇది. అంటే 19 ఏళ్లప్పుడు కేసు పడి, వాయిదాల మీద వాయిదాలు నడిచి, తీర్పు వచ్చేసరికి వాడికి 22 అయితే 6వ సెక్షన్ చేజారిపోయినట్టే. మన కోర్టుల్లో ఇది జరగని పని కాదు. అందుకే పుట్టినరోజు క్యాలెండర్లో రాసుకుని, 21 దగ్గర పడుతుంటే "సార్ వాయిదాలు అడక్కండి, సాక్షుల్ని త్వరగా కానివ్వండి" అని మీ లాయర్‌కే చెప్పండి.

21 దాటినా అయిపోలేదు. 4వ సెక్షన్‌కి వయసు పరిమితి లేదు, అక్కడ అడుక్కోవచ్చు. తేడా ఏంటంటే అప్పుడు అది పూర్తిగా జడ్జిగారి ఇష్టం.

2. సెక్షన్లు చదవండి, తలుపు తెరిచుందో లేదో అక్కడే తెలిసిపోద్ది

గొడవ 2024 జులై 1కి ముందుదైతే ఐపీసీ సెక్షన్లు ఉంటాయి, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత, అందరూ బీఎన్ఎస్ అంటున్నారు. నంబర్లు మారిపోయాయి, పాత నంబర్‌తో వెతికితే వేరే నేరం వస్తది, జాగ్రత్త.

మరణశిక్ష గానీ జీవిత ఖైదు గానీ పడే అవకాశం లేని నేరాలకి 4వ సెక్షన్ వాడొచ్చు. మామూలు దొంగతనం, మూడేళ్లు, ఓకే. చేత్తో కొట్టిన గాయం, ఏడాది, ఓకే. చీటింగ్ ఏడేళ్లదాకా, అదీ ఓకే.

కొట్లాట కేసుల్లో మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి. సిరిమాను జాతర రోజు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర రెండు గ్రూపులు కొట్టుకున్నాయి అనుకుందాం. చేతులతో కొడితే బీఎన్ఎస్ 115, కర్రతోనో సీసాతోనో కొట్టి చిన్న గాయమైతే 118లో ఒకటో సబ్‌సెక్షన్, మూడేళ్లలోపు, ప్రొబేషన్ అడగొచ్చు. అదే సీసా దెబ్బకి ఎముక విరిగితే 118లో రెండో సబ్‌సెక్షన్, దానికి జీవిత ఖైదుదాకా ఉంది, ప్రొబేషన్ తలుపు మూసుకుపోయినట్టే. అందుకే ఊండ్ సర్టిఫికెట్ చదవమన్నా. డాక్టర్ "సింపుల్" అని రాశారా "గ్రీవియస్" అని రాశారా, ఎక్స్‌రే ఉందా, పోలీసులు పెట్టిన సెక్షన్ దానికి సరిపోతుందా అని లాయర్ చేత చూపించండి. సరిపోకపోతే చార్జీలు ఫ్రేమ్ చేసే ముందే, అంటే ఏ నేరాల మీద విచారణ జరగాలో కోర్టు ఖాయం చేసే ముందే వాదించాలి, తర్వాత కష్టం.

పూర్తిగానో దాదాపుగానో మూసుకున్న తలుపులు ఇవి:

- గంజాయి. ఒడిశా బోర్డర్ మనకి పక్కనే ఉంది కాబట్టి మన రెండు జిల్లాల్లో కుర్రాళ్లు ఎక్కువ ఇరుక్కునేది ఇందులోనే. ఎన్‌డీపీఎస్ మత్తుమందుల చట్టం 33వ సెక్షన్ ప్రకారం 18 దాటినవాళ్లకి ప్రొబేషన్ లేదు, ఒక్క వాడకం కేసులకి, అంటే 27వ సెక్షన్‌కి, ఇంకా 26కి మాత్రం మినహాయింపు. "ఫ్రెండ్ బ్యాగ్ పట్టుకోమన్నాడు, పట్టుకున్నా" అన్నవాడి మీద పడేది రవాణా సెక్షన్, వాడకం కాదు. కుర్రాడు నిజంగా అలవాటు పడి ఉండి, దొరికింది చిన్న మొత్తమైతే, గంజాయికి చిన్న మొత్తం అంటే కిలో, అదే చట్టం 39వ సెక్షన్ కింద ట్రీట్‌మెంట్‌కి పంపమని అడగొచ్చు. ఆ దారి చాలామంది అడగనే అడగరు.
- ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసు. 19వ సెక్షన్, 18 దాటితే ప్రొబేషన్ లేదు.
- పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. కనీస శిక్షలు గట్టిగా ఉన్నాయి, ప్రేమ వ్యవహారమే కదా అని ప్రొబేషన్ మీద ఆశ పెట్టుకోకండి, కేసు మెరిట్ మీదే కొట్లాడాలి.
- బైక్ యాక్సిడెంట్‌లో మనిషి పోతే, చట్టంలో అడ్డు లేకపోయినా ఇలాంటి కేసుల్లో మామూలుగా ప్రొబేషన్ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2000లో దల్బీర్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. అడగండి, నమ్ముకోకండి.

3. ప్రొబేషన్ కంటే ముందున్న దారులు చూడండి

ప్రొబేషన్ వచ్చినా నేరం రుజువైనట్టే లెక్క. కాబట్టి ఆ మాట పడకుండా బయటపడే దారి ఉంటే అదే మంచిది. కేసు బలహీనంగా ఉంటే కొట్లాడి కొట్టేయించుకోవడం అన్నిటికంటే మేలు, ఇది వేరే చెప్పక్కర్లేదు.

రాజీ. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 359వ సెక్షన్లో రాజీ పడదగ్గ నేరాల లిస్టు ఉంది. చిన్న కొట్లాటలు, తిట్లు, మామూలు దొంగతనం అందులో ఉన్నాయి. లోక్ అదాలత్ రోజు రెండు పక్షాలూ వచ్చి సంతకం పెడితే అక్కడికక్కడే అయిపోద్ది, రాజీ పడితే చట్టం దాన్ని నిర్దోషి అన్నట్టే లెక్కేస్తది. లిస్టులో లేని సెక్షన్ కలిసి ఉంటే, ఫిర్యాది ఒప్పుకున్నాక అమరావతిలో హైకోర్టుకి వెళ్లి క్వాష్, అంటే కేసు కొట్టేయమని అడగాలి, దాని ఖర్చు వేరు. ఒక హెచ్చరిక, రాజీ పేరుతో ఊరి పెద్దల్ని పది మందిని వేసుకుని ఫిర్యాది ఇంటి మీదకి వెళ్లకండి. వాళ్లు బెదిరించారని ఇంకో కేసు పెడితే బెయిల్ కూడా పోద్ది. లాయర్ల ద్వారా కదపండి, లేకపోతే న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

ఐదు వేల లోపు దొంగతనం. వస్తువు విలువ 5,000 రూపాయల లోపు, మొదటిసారి నేరం, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేశారు, ఈ మూడూ కలిస్తే బీఎన్ఎస్ 303 ప్రకారం శిక్ష సమాజ సేవే, జైలు కాదు. పాత ఐపీసీలో ఇది లేదు. ఫోన్ దొంగతనం కేసుల్లో సెకండ్‌హ్యాండ్ ఫోన్ విలువ ఎంత వేశారు అన్న దగ్గరే అంతా తిరుగుతది, పంచనామాలో రాసిన రేటు చూడండి.

ప్లీ బార్గెయినింగ్. ఇంటర్నెట్లో చూసిన ఆ ప్రీట్రయల్‌కి మన చట్టంలో కాస్త దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. ఏడేళ్ల లోపు నేరాలకి, ఆడవాళ్ల మీదా పిల్లల మీదా జరిగినవి కాకపోతే, చార్జి ఫ్రేమ్ అయిన 30 రోజుల్లోపు అప్లికేషన్ వెయ్యాలి. బాధితుడితో కూర్చుని నష్టపరిహారం తేల్చుకుంటారు, తర్వాత కోర్టు ప్రొబేషన్ మీద వదలొచ్చు, లేదా మొదటిసారి వాడైతే మామూలుగా పడే శిక్షలో ఆరో వంతు వెయ్యొచ్చు, కనీస శిక్ష ఉన్న నేరమైతే ఆ కనీసంలో నాలుగో వంతు. సాక్షులూ క్రాసులూ ఉండవు కాబట్టి ఏళ్లు మిగులుతాయి, 21 దాటిపోతుందేమో అని భయపడేవాళ్లకి ఇది నిజంగా పనికొస్తది. కానీ ఇందులో తప్పు ఒప్పుకున్నట్టే, పైగా మామూలు అప్పీలు లేదు. 30 రోజులు దాటితే దొరకదు, ఆ తేదీ మీరే గుర్తుపెట్టుకోండి.

4. మొదటి వాయిదాలోనే "తప్పు ఒప్పుకుంటున్నాం" అనేయకండి

ఇది అన్నిటికంటే పెద్ద పొరపాటు. "జరిమానా కట్టేసి వచ్చేద్దాం, రోజు కూలి పోతుంది" అని ఒప్పేసుకుంటారు. వెయ్యి రూపాయల్లో కేసు అయిపోతది, నిజమే. నేరం రుజువైన మచ్చ మాత్రం ఉండిపోద్ది, ప్రొబేషన్ అడగలేదు కాబట్టి ఆ చట్టం ఇచ్చే రక్షణ కూడా రాదు. ఏడాది తర్వాత కుర్రాడు కానిస్టేబుల్ సెలక్షన్‌కో ఆర్మీ ర్యాలీకో వెళ్లి అన్నీ పాసయ్యాక వెరిఫికేషన్లో ఆగిపోతే, అప్పుడు ఏడ్చుకుంటూ వస్తారు. మన రెండు జిల్లాల్లో ఊరికి పది మంది ఆర్మీలోనో పోలీసులోనో ఉంటారు, ఈ సంగతి మనకి తెలియనిది కాదు.

ఒప్పుకోవడమే మంచిదని లాయర్ చెప్తే, ఒప్పుకునే ముందే ప్రొబేషన్ చట్టం 3, 4, 6 సెక్షన్ల కింద పిటిషన్ రెడీగా పెట్టుకోమనండి.

5. ఒక్క వాయిదా కూడా తప్పకండి

కుర్రాడు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉన్నాడు, రాలేడు, "లాయర్ గారు చూసుకుంటారులే". లాయర్ ఆబ్సెంట్ పిటిషన్ వెయ్యకపోయినా, జడ్జిగారు ఒప్పుకోకపోయినా ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తది, పోలీసులు ఇంటికొస్తారు. అది ఫైల్లో ఉండిపోద్ది. చివర్లో "నమ్మదగ్గవాడు, వదిలెయ్యండి" అని అడుగుతున్నప్పుడు అదే ఫైలు జడ్జిగారి ముందు తెరిచుంటది.

వాయిదా తేదీ గుమస్తాని అడిగి ఊరుకోకుండా ఈకోర్ట్స్ యాప్‌లో మీరే చూడండి. కేసుకి ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ కొడితే తర్వాతి తేదీ, ఏ దశలో ఉంది అన్నీ వస్తాయి.

కుర్రాడు బెయిల్ రాక జైల్లోనే ఉంటే ఇంకో సంగతి. మొదటిసారి నేరం అయి, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపేస్తే బాండు మీద వదలాలని బీఎన్ఎస్ఎస్ 479 చెప్తోంది. మూడేళ్ల దొంగతనం కేసైతే ఏడాది. జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాయాలి, మీరూ గుర్తుచెయ్యండి. జీవిత ఖైదు, మరణశిక్ష నేరాలకీ, ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నవాళ్లకీ వర్తించదు.

6. ఈ గ్యాప్‌లో కుర్రాడి ఫైలు కట్టండి

కేసు నడిచే ఏడాదో రెండేళ్లో ఖాళీగా తిప్పకండి. డిస్కంటిన్యూ అయితే మళ్లీ చేర్పించండి, ఐటీఐ అయినా ఓపెన్ డిగ్రీ అయినా. పనిలో ఉంటే జీతం బ్యాంకులో పడేలా చూసుకోండి, చేతికిచ్చే కూలికి రుజువు ఉండదు. 4వ సెక్షన్ కింద వదలాలంటే కుర్రాడికో ష్యూరిటీకో ఆ కోర్టు పరిధిలో స్థిరమైన ఇల్లో, పనో ఉండాలి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తున్నా, పైడిభీమవరంలో కంపెనీలో చేస్తున్నా అక్కడి లెటర్‌హెడ్ మీద, ఎప్పటి నుంచి చేస్తున్నాడో తేదీలతో రాయించుకోండి.

సర్పంచ్ గారి చేత "మంచి కుర్రాడు" అని రాయించిన కాగితం ఒక్కటే పట్టుకెళ్తే పెద్దగా బరువుండదు, అందరూ తెచ్చేది అదే. హాజరు శాతం ఉన్న కాలేజీ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, మందు అలవాటుంటే డీఅడిక్షన్ సెంటర్లో చూపించుకున్న చీటీలు, వీటికి బరువుంటది.

బాధితుడికి నష్టం జరిగి ఉంటే కాస్త డబ్బు కూడబెట్టండి. 5వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టమనే అధికారం కోర్టుకి ఉంది, మీరే ముందుగా కడతామంటే వినే తీరు మారుద్ది.

7. సరైన నిమిషంలో, రాతపూర్వకంగా అడగండి

నేరం రుజువైంది అని చెప్పాక జడ్జిగారు కుర్రాడి వైపు తిరిగి "శిక్ష గురించి ఏం చెప్తావు" అని అడుగుతారు. నూటికి తొంభై మంది చేతులు కట్టుకుని "తక్కువ శిక్ష వెయ్యండి బాబూ" అంటారు, లాయర్ "లీనియంట్ వ్యూ" అంటారు, రెండు నిమిషాల్లో శిక్ష రాసేస్తారు.

అక్కడే ఆగి పిటిషన్ ఇవ్వాలి. అందులో ఉండాల్సినవి: పుట్టిన తేదీ, మెమో కాపీతో, ఇంతకుముందు శిక్ష పడలేదన్న మాట, 3 లేదా 4, వయసు సరిపోతే 6, జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించమని ప్రార్థన, ఒకవేళ ఆ చట్టం వర్తించదంటే బీఎన్ఎస్ఎస్ 401 కింద పరిశీలించమని, ఇవ్వకపోతే కారణాలు రాయమని, దానికి 402. నోటితో చెప్పి వదిలేస్తే రికార్డులో ఉండదు, అప్పీల్లో "మేం అడిగాం" అంటే చూపించడానికి ఏమీ ఉండదు.

3కి 4కి తేడా క్లుప్తంగా: 3 అంటే మందలించి పంపెయ్యడం, బాండు కూడా లేదు, రెండేళ్ల లోపు నేరాలకీ, దొంగతనం చీటింగ్ లాంటి కొన్నిటికీ. 4 అంటే మూడేళ్లకి మించకుండా బాండు, ష్యూరిటీతో గానీ లేకుండా గానీ, కావాలంటే ఆఫీసర్ పర్యవేక్షణ కూడా, అది పెడితే ఏడాదికి తగ్గదు.

8. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చినప్పుడు

పోలీసు కాదు ఆయన, కంగారు పడకండి. ఇల్లు చూస్తారు, ఇరుగుపొరుగుని అడుగుతారు, కాలేజీలోనో పనిచోటో కనుక్కుంటారు. ఈ రిపోర్టు రహస్యం, నేరుగా కోర్టుకే వెళ్తది, అవసరమైతే అందులో సారాంశం మీకు చెప్పి మీ మాట వినొచ్చు.

నిజం చెప్పండి. తాగుతాడు అంటే తాగుతాడు అనే చెప్పి ఇప్పుడు ఏం చేస్తున్నామో చెప్పండి. మీరు "మావాడు సిగరెట్ కూడా ముట్టడండి" అంటారు, పక్కింటి అప్ప అంతా చెప్పేస్తది, రిపోర్టులో తల్లిదండ్రుల అదుపు లేదని పడుతుంది. డబ్బులు పెట్టడం, మధ్యవర్తిని పంపడం లాంటివి అసలు వద్దు. కాగితాల సెట్ జెరాక్స్ ఒకటి తీసి ఇవ్వండి, మంచినీళ్లు టీ ఇవ్వండి, చాలు.

రిపోర్టు రాలేదని ఊరికే వాయిదాలు పడుతుంటే కోర్టులో మెమో వేసి ఆఫీసర్‌కి మళ్లీ రాయమని అడగొచ్చు.

9. ఆర్డర్ వచ్చిన రోజు చెక్ చేసుకోవాల్సినవి

"వదిలేశారు" అని ఆనందంలో ఇంటికి వచ్చేస్తారు, ఆర్డర్లో ఏముందో చూడరు. సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే సీఏ, అంటే కాపీ అప్లికేషన్ వెయ్యండి, వచ్చాక ఇవి వరసగా చూడండి.

- ఏ చట్టం, ఏ సెక్షన్ అని స్పష్టంగా ఉందా? ప్రొబేషన్ చట్టం 3 లేదా 4 అని ఉండాలి. "జరిమానా, ఇన్ డీఫాల్ట్ (కట్టకపోతే) ఇన్ని రోజులు" అని మాత్రమే ఉంటే అది ప్రొబేషన్ కాదు.
- బాండు ఎన్ని నెలలు, ఏ తేదీ నుంచి?
- పర్యవేక్షణ ఉందా, ఉంటే ఎవరి దగ్గరికి ఎప్పుడెప్పుడు వెళ్లాలి?
- ఊరు విడిచి వెళ్లకూడదని గానీ, మందు ముట్టకూడదని గానీ షరతు ఉందా?
- నష్టపరిహారం ఎంత, ఏ తేదీలోపు, రసీదు తీసుకున్నారా?
- పేరు, తండ్రి పేరు, వయసు సరిగ్గా పడ్డాయా? ఇది తప్పు పడితే వెరిఫికేషన్లో నరకం.

ప్రొబేషన్ ఇవ్వకుండా శిక్ష వేస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకి అప్పీలు, అక్కడా ప్రొబేషన్ ఇచ్చే అధికారం 11వ సెక్షన్ కింద ఉంది. 21 లోపు వాడి విషయంలో రిపోర్టు తెప్పించకుండా, కారణాలు రాయకుండా జైలు వేస్తే అది అప్పీల్లో మంచి పాయింటు.

ఇంకో గందరగోళం. తహశీల్దార్ దగ్గర బైండోవర్ చేస్తే "మాకు ప్రొబేషన్ అయిపోయిందండి" అంటారు. కాదు. బైండోవర్ అంటే ముందు ముందు గొడవ చెయ్యను అని రాయించుకోవడం, అది వేరే ప్రొసీడింగ్, కోర్టులో కేసు అలాగే ఉంటది, వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. స్టేషన్ బెయిల్ కూడా అంతే, కేసు పోయినట్టు కాదు.

10. బాండు గడువులో

మన వాళ్లకి పని అంటే వలస. విశాఖ, హైదరాబాద్, చెన్నై, పోర్టు పనులు, సెంట్రింగ్ పనులు. చెప్పకుండా వెళ్లిపోతే, పర్యవేక్షణ ఉన్నవాళ్లకి అది షరతు తప్పినట్టే. వెళ్లాల్సొస్తే ముందే ఆఫీసర్‌కి చెప్పి, 8వ సెక్షన్ కింద షరతు మార్చమని కోర్టులో పిటిషన్ వెయ్యండి. పని దొరికిన లెటర్, అక్కడ ఉండే అడ్రస్ జతచెయ్యండి.

షరతు తప్పితే 9వ సెక్షన్. వారెంటో సమన్లో వస్తది, మొదటిసారి తప్పితే 50 రూపాయల లోపు జరిమానాతో వదలొచ్చు, లేదా అసలు నేరానికే శిక్ష వేసెయ్యొచ్చు. ఆ 50 రూపాయల మాట చూసి తేలిగ్గా తీసుకోకండి. ఇంకో కొట్లాటలో పేరు వస్తే ష్యూరిటీ పెట్టిన మావయ్య కూడా కోర్టు చుట్టూ తిరగాలి. నిమజ్జనం రోజులు, ఎలక్షన్ రోజులు, వాడిని ఇంట్లో కూర్చోబెట్టండి.

11. ఉద్యోగం ఫారం, పాస్‌పోర్టు

ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం 3, 4 కింద వదిలిన మనిషికి నేరం రుజువైనందువల్ల చట్టంలో వచ్చే అనర్హత అంటదు. దీన్ని చాలామంది "రికార్డు తుడిచేశారు" అని అర్థం చేసుకుంటున్నారు, అది తప్పు. నేరం రుజువైన మాట అలాగే ఉంటది, అనర్హత మాత్రం పోద్ది. ఇప్పటికే గవర్నమెంటు ఉద్యోగంలో ఉన్నవాడి మీద శాఖాపరమైన చర్యని కూడా ఈ సెక్షన్ ఆపదని సుప్రీంకోర్టు చెప్పింది.

పాస్‌పోర్టుకి కేసు నడుస్తుంటేనే ఎక్కువ ఇబ్బంది. గల్ఫ్‌కో షిప్పు పనికో వెళ్లేవాళ్లు, విచారణ కోర్టులో పర్మిషన్ పిటిషన్ వేసి ఆ ఆర్డర్ పట్టుకుని అప్లై చెయ్యండి. కేసు లేదని టిక్ పెట్టి, పోలీస్ వెరిఫికేషన్లో దొరికిపోకండి.

అటెస్టేషన్ ఫారంలో సాధారణంగా మూడు ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి: ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, కేసు నడిచిందా, నేరం రుజువైందా. ఒక్కోదానికి అడిగినంతవరకు నిజం రాయండి. సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది ఇదే, చిన్న వయసులో జరిగిన చిన్న కేసైతే ఉద్యోగం ఇచ్చేవాళ్లు పట్టించుకోకుండా వదలొచ్చు, కానీ దాచితే దాచినందుకే తీసెయ్యొచ్చు. నిజం చెప్పినా ఇచ్చి తీరాలని లేదు, అది వాళ్ల ఇష్టం.

ఇలా రాయొచ్చు: "ఫలానా పోలీస్ స్టేషన్, క్రైం నంబర్ ఇంత, ఫలానా కోర్టు, సీసీ నంబర్ ఇంత. ఫలానా తేదీన నేరం రుజువైనట్టు తీర్పు. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్ 1958, 4వ సెక్షన్ కింద ఫలానా తేదీ వరకు బాండు మీద విడుదల. గడువు పూర్తయింది, షరతుల ఉల్లంఘన లేదు. తీర్పు సర్టిఫైడ్ కాపీ జతపరిచాను." రాజీ అయిన కేసైతే "నేరం రుజువైందా" అన్నచోట లేదు అని, "కేసు నడిచిందా" అన్నచోట అవును అని రాసి లోక్ అదాలత్ అవార్డు కాపీ పెట్టండి. ఫారం ఇచ్చేముందు రెండు వైపులా జెరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి, రేపు ఇంకో ఉద్యోగానికి రాసినప్పుడు రెండు ఫారాల్లో తేదీలూ నంబర్లూ ఒక్కలాగే ఉండాలి.